వీఆర్ సిద్ధార్థలో 'వీఆర్' ఎవరు?



ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో 'వీఆర్ సిద్ధార్థ' పేరు తెలియనివాళ్లు తక్కువ. విజయవాడ దగ్గర కానూరులో 1977లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ అది. ఈ మధ్య తొమ్మిదో తరగతిలో "ఆ పేరులో వీఆర్ ఎవరు?" అని అడిగాను. అక్కడ సీటు రావాలంటే ఎంత ర్యాంకు కావాలో చెప్పినవాళ్లు ఉన్నారు కానీ, ఆ మనిషి ఎవరో చెప్పినవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే, బీఈడీ చదివే రోజుల్లో నాకూ తెలియదు.

వీఆర్ అంటే వెలగపూడి రామకృష్ణ. మన ప్రాంతం మనిషే. అప్పటి గుంటూరు జిల్లాలో రేపల్లె వైపు ఉన్న బెల్లంవారిపాలెం ఆయన సొంతూరు. ఊరి పేరులోనే బెల్లం ఉంది. ఆయన మొదలుపెట్టిన పరిశ్రమ కూడా చెరకుదే!

ఐసీఎస్ నుంచి ఫ్యాక్టరీకి

ఆయన ఐసీఎస్ అధికారి. నేటి ఐఏఎస్‌కు ముందు, బ్రిటిష్ వారి కాలంలో ఉన్న అత్యున్నత సర్వీసు అది. మన పిల్లలకు అలాంటి ఉద్యోగం వస్తే 'ఇక చాలు' అనుకుంటాం. ఆయన మాత్రం అక్కడ ఆగకుండా పరిశ్రమల వైపు వచ్చి, 1941లో కేసీపీ కంపెనీని స్థాపించారు. కృష్ణా జిల్లా ఉయ్యూరులోని చక్కెర ఫ్యాక్టరీతో ఆ కంపెనీ ప్రయాణం మొదలైంది.

చక్కెర ఫ్యాక్టరీ ఎలా నడుస్తుందో పిల్లలకు ఒకసారి చెప్పండి. నరికిన చెరకును త్వరగా ఆడించాలి. ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర శాతమూ తగ్గుతుంది. అందుకే క్రషింగ్ సీజన్‌లో మిల్లు రాత్రింబవళ్లు తిరుగుతుంది. చెరకును పిండేవి టన్నుల బరువుండే ఇనుప రోలర్లు. ఒక్క రోలర్ ఆగినా గేటు బయట చెరకు బళ్లు బారులు తీరతాయి. నష్టపోయేది రైతే.

ఆ రోజుల్లో మన దేశంలో ఇలాంటి పెద్ద యంత్రాలు ఎక్కువగా విదేశాల నుంచే వచ్చేవి. 1941 అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఓడలు సమయానికి వస్తాయన్న నమ్మకం లేదు. పంట మనది, కూలీ మనది, యంత్రం మాత్రం పరాయిది.

యంత్రాలను తయారుచేసే ఫ్యాక్టరీ

1955లో మద్రాసు ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరులో కేసీపీ భారీ ఇంజినీరింగ్ కర్మాగారం మొదలైంది. చక్కెర, సిమెంటు ఫ్యాక్టరీలకు కావాల్సిన పెద్ద యంత్రాలు అక్కడ తయారయ్యాయి.

ఆ సంవత్సరాన్ని గమనించండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకు పొరుగు రాష్ట్రపు నగరమైంది. ఆ తర్వాత రెండేళ్లకే ఒక తెలుగువాడి కంపెనీ అక్కడ ఇంత పెద్ద కర్మాగారం పెట్టింది. బరువైన సామాను దించడానికి, పంపడానికి రేవు, రైలు రెండూ ఉన్న నగరం అది. పని ఎక్కడ కుదురుతుందో అక్కడికి వెళ్లారు, సొంత నేలనూ మరిచిపోలేదు. 1958లో పల్నాటి సున్నపురాయి దొరికే మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది.

సిమెంటు ఫ్యాక్టరీలో ముఖ్యమైనది కిల్న్. కాస్త వాలుగా పడుకోబెట్టిన పొడవాటి ఉక్కు గొట్టం అది. నెమ్మదిగా తిరుగుతూ, లోపల సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో సున్నపురాయి మిశ్రమాన్ని కాలుస్తుంది. ఉక్కు కరగకుండా లోపల వేడిని తట్టుకునే ఇటుకలు పేరుస్తారు. మీ అబ్బాయి పుస్తకంలోని 'ఉష్ణవాహకత' పాఠం ఇదే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే

ఒక పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు బాధపడ్డారు. "మేడమ్, వీడు ఇంట్లో మిక్సీ విప్పేశాడు. మార్కుల మీద ధ్యాసే లేదు." ఆవిడ భయం నాకు అర్థమైంది. మిర్చి ధర పడిపోయిన ఏడాది కూడా ఫీజు ఆపకుండా కట్టిన ఇల్లు అది. వాళ్లకు మార్కులంటే భరోసా.

మార్కులు వద్దని నేను అనను. రామకృష్ణగారు కూడా కష్టమైన పరీక్షలు నెగ్గినవారే. కానీ ఆయన చదువు ఉద్యోగంతో ముగిసిపోలేదు. 'ఇది ఎలా పనిచేస్తుంది? మనం చేయలేమా?' అనే ప్రశ్న దగ్గరికి చేరింది. మిక్సీ విప్పిన పిల్లవాడు అడుగుతున్నదీ అదే ప్రశ్న. ప్లగ్ తీశాకే విప్పాలని, మళ్లీ బిగించాలని నేర్పుదాం. ప్రశ్నను మాత్రం ఆపవద్దు.

ఈ నెల ఇంట్లో చేయండి

1. ఒక ఆదివారం పిల్లలను తెలిసినవారి జిన్నింగ్ మిల్లుకో కారం మిల్లుకో తీసుకెళ్లండి. నడుస్తున్న యంత్రానికి దూరంగా నిలబడి చూడనివ్వండి.

2. పత్తి నుంచి గింజ ఎలా విడిపోతోందో వాళ్లనే బొమ్మ గీసి చెప్పమనండి. తెలుగులో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా ఫర్వాలేదు.

3. యంత్రం మీద ఉన్న పేరు పలకను చదివించండి. ఎవరు చేశారు? ఏ ఊరిలో చేశారు?

4. ఆ బొమ్మను క్లాసుకు పంపండి. సైన్స్ కార్నర్‌లో పెడతాం.

'పెద్దయ్యాక ఏం ఉద్యోగం చేస్తావు?' అని మనం చాలాసార్లు అడుగుతాం. ఈ నెల ఒక్కసారి 'ఏం తయారుచేస్తావు?' అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోయినా, ప్రశ్న వాళ్ల మనసులో ఉండిపోతుంది.