‘ఏం కాదులే’ అంటే సరిపోదు

రేపు ఆపరేషన్ అనగా, ఈ రాత్రి వార్డు సిస్టర్‌కి పని బోలెడు. రిపోర్టులు, సంతకాలు, షేవింగ్, ఎన్నింటి నుంచి ఏమీ తినకూడదో చెప్పడం. ఈ హడావిడిలో పేషెంటు ‘ఏం కాదుగా సిస్టర్?’ అంటాడు. ‘ఏం కాదులే, భయపడకండి’ అనేసి పక్క మంచానికి వెళ్లిపోతాం. భయం అక్కడే ఉంటుంది, అడగడమే మానేస్తాడు.

స్టూలు లాక్కుని కూర్చోండి. ‘రేపటి గురించి డాక్టరుగారు ఏం చెప్పారు?’ అని మీరే అడగండి. చాలామందికి కోత కన్నా మత్తు అంటేనే బెదురు. మధ్యలో మెలకువ వస్తేనో, నడుముకి సూది వేస్తే జీవితాంతం నడుంనొప్పేనటగా అని బయటపెడతారు. గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, జీవితాంతం ఉండదని చెప్పండి.

ఒంటికి ఏం తెలుస్తుందో వరసగా చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. నడుముకి మత్తిచ్చే ఆపరేషనైతే ఇలా: ‘థియేటర్‌లో చలిగా ఉంటుంది. వీపు వంచి కూర్చోమంటారు. కాసేపటికి కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, కదలవు. మందు పనిచేస్తోందన్నమాట. లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే మత్తు డాక్టరుకి చెప్పండి. వణుకు రావచ్చు. కాళ్లు మామూలవడానికి కొన్ని గంటలు పడుతుంది.’ ఈ నాలుగు మాటలూ ముందు వినని మనిషి, కాళ్లు కదలకపోతే పక్షవాతమే వచ్చిందనుకుంటాడు.

తర్వాత నొప్పే ఉండదని మాత్రం అనకండి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో ఎగ్‌బర్ట్ బృందం 97 మంది పొట్ట ఆపరేషన్ పేషెంట్లతో చేసిన అధ్యయనం 1964లో అచ్చయింది. నొప్పి ఎక్కడ, ఎందుకు వస్తుందో, కండరాలు ఎలా వదులు చేసుకోవాలో, ఎలా పక్కకి తిరగాలో కొందరికి ముందే నేర్పారు. మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లకు నొప్పి ఇంజెక్షన్లు సగమే సరిపోయాయి, సగటున 2.7 రోజులు ముందే ఇంటికెళ్లారు. డిశ్చార్జి రాసిన సర్జన్లకు ఎవరికి నేర్పారో తెలియదు. అందుకే పొట్టకి దిండు అదిమి దగ్గడం, పక్కకి తిరిగి లేవడం ఈ రాత్రే చేయించి చూడండి.

మంగళసూత్రం తీయాలన్న మాట థియేటర్ గుమ్మం దగ్గర చెప్పకండి. అక్కడ చెబితే కొందరు ఏడ్చేస్తారు. ముందురోజే చెబితే ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడుకుని, తమకు తోచినట్టు తీసి, భద్రంగా అప్పగిస్తారు.

‘ఆయనకేం చెప్పకండమ్మా’ అనే బంధువులుంటారు. వాళ్లది ప్రేమే, కాదనలేం. కానీ సంతకం పేషెంటుది. 2008 సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తగినంత సమాచారం తెలిసి ఇచ్చిందే సమ్మతి అంది. ‘ఏం తీసేస్తారో తెలీదమ్మా’ అంటే కాగితం పక్కనపెట్టి సర్జన్‌ని పిలవండి. లాభనష్టాలు చెప్పాల్సింది ఆయనే. ‘నేను తిరిగి రాను’ అని గట్టిగా నమ్ముతున్నవాళ్ల సంగతి కూడా ఆయనకీ, మత్తు డాక్టరుకీ ఆ రాత్రే తెలియాలి.

లేచేముందు కేస్ షీట్‌లో ఒక వాక్యం రాయండి: సూది చూస్తే కళ్లు తిరుగుతాయి, ఎడమ చెవి వినపడదు, ఏదైతే అది. పొద్దున థియేటర్ సిస్టర్ చూసేది ఆ షీటే.