మోకాటి కీలుమార్పిడియందు రోబో: శిష్యునకు లేఖ



అరుగుదల ముదిరి, ఎముకపై ఎముక రాసుకొనుచున్న మోకాటికి రోబో మేలా, పాత పనిముట్లు మేలా యని వ్రాసితివి. అంతకుముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆ యంత్రము ఏ గీతకు గురిపెట్టుచున్నది, ఆ గీత యీ రోగికి తగినదేనా?

1974లో న్యూయార్కున జాన్ ఇన్సాల్ ప్రభృతులు టోటల్ కాండిలర్ కీలును తెచ్చిన పిమ్మట స్థిరపడిన సంప్రదాయ మేమనగా, తొడయెముక నాళములోనికి కడ్డీని చొప్పించి, తుంటి నడుమనుండి చీలమండ నడుమకు గీచిన రేఖ మోకాటి మధ్యమున పోవునట్లు కోత కోయుట. అభ్యాసము గల చేతికి పెక్కు మోకాళ్ళయం దిది చాలును. కాని పూర్వము తొడ విరిగి వంకరగా అతికినవారికిని, లోపల రాడ్డో ప్లేటో యున్నవారికిని ఆ కడ్డీ పోదు. పోయినను కోణము తప్పును. 1997లో ఫ్రాన్సునందలి గ్రెనోబుల్ నగరమున మోకాటికి తొలిసారి వాడబడిన కంప్యూటర్ నావిగేషన్ అట్టివారికి నిజమైన యుపకారి. తొడను త్రిప్పి చూచి తుంటి కేంద్రమును గణించి, నాళమును తాకకయే కోణమును తెలుపును.

రోబో మరియొక మెట్టు. సి.టి. స్కాన్‌పై ముందే పథకము రచించుకొని, రంపమును ఎల్ల దాటనీయదు. నా మట్టుకు దాని ఘనత కోతలో కాదు. కోయకముందే, కాలు చాచినపుడును మడచినపుడును స్నాయువుల బిగువున ఎముకల నడుమ సందు ఎన్ని మిల్లీమీటర్లో చూపుటలో నున్నది. అయితే ఎముక స్థానమును యంత్రమునకు తెలుపు గురుతులు బిగించుటకు ఎముకలో దిగగొట్టిన పిన్నుల రంధ్రములవద్ద అరుదుగా ఎముక విరుగుటయు కలదు.

కోణములు సరిగా వచ్చుట నిజము. రోగి నడక మెరుగగునా యన్నది వేరు. కొరియాలో పదేండ్లకు పైగా పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధనలో, రోబోతో చేసిన మోకాళ్ళకును చేతితో చేసిన మోకాళ్ళకును పనితీరున గాని మన్నికయందు గాని భేదము కనబడలేదు. ఆ రోబో పాతతరముది యనుట నిజమే. కాని 2010లో మేయో క్లినిక్ వైద్యులు, రేఖకు 3 డిగ్రీలలోపు నిలిచినవియు దాటినవియు 15 ఏండ్లకు సమానముగనే మన్నినవని చూపిరి. రేఖయే అందరికి ఒకటి కాదేమో! సహజముగనే కొంచెము దొడ్డికాళ్ళుగలవా రెందరు లేరు?

కావున యంత్రము లేనిదే మంచి మోకాలు రాదని భయపెట్టి రైతుకుటుంబముచేత అప్పు చేయింపకుము. మన పెద్దలు మఠము వేసుకొని కూర్చుండగలమా యని అడుగుదురు. అది రోబో వరము కాదు, ఇపుడు మోకాలు ఎంత మడుగుచున్నదో దానినిబట్టి చాలవరకు తేలును. తొడ మునుపు విరిగినదా యని అడుగుము, మోకాలును నీ చేత మడచి చూడుము, నిలువబెట్టి తుంటినుండి చీలమండవరకు ఎక్స్‌రే తీయింపుము. నీవు వచ్చునపుడు ఆ పటములు తెమ్ము. కూర్చుండి గీతలు గీచి చూతము.