అంగడి గోడ యెవరిది?

మేడ్చల్ బజారులో గాని, షామీర్‌పేట రోడ్డు ప్రక్కను గాని ఒకరు తమ యంగడి ముందుభాగమును మార్చదలచిరనుకొందము. పాత కొయ్యతలుపులు తీసి యినుప షట్టరు పెట్టుదురు. గోడకు గాజుపలకలు తొడుగుదురు. పైన పెద్ద బోర్డు కట్టుదురు. "తన సొమ్ముతో తన గోడను మార్చుకొనువానికి ఇతరుల యనుమతి యేల?" అని యొక విద్యార్థి తరగతిలో మమ్ము నడిగెను. అతని తండ్రిగారు అంగడి నడపువారే. ప్రశ్న న్యాయమైనది. దీని కుత్తరము హైదరాబాదు నగరమున రాతితో కట్టబడి యున్నది.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. పిమ్మట నగరమును బాగుచేయుటకై 1912లో నిజాము ప్రభుత్వము సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు అను సంఘమును స్థాపించెను. ఆ బోర్డు ఇఱుకు సందులను తొలగించి వెడల్పైన వీధులను తీర్చెను. చార్మినారు చెంత పత్తర్‌గట్టీయందు ఒకే తీరున రాతి కమానులతో అంగళ్ల వరుసలు కట్టించెను. అంగళ్లు పలువురివి, కమానుల వరుస మాత్రము వీధిది. 1935లో పూర్తియైన మొజంజాహీ మార్కెటును గూడ ఆ బోర్డే కట్టించినది. బోర్డునకు అధ్యక్షుడుగా నుండిన మొజంజా, ఏడవ నిజాము రెండవ కుమారుడు. ఆయన పేరే దానికి పెట్టబడెను.

కాలక్రమమున రేకులు, బోర్డులు, తీగలు ఆ మార్కెటు ముఖమును కప్పివేసెను. ఏ యొక్కరును దానిని చెఱుపవలెనని తలపలేదు. ఒకరు ఒక మేకు కొట్టిరి, వేఱొకరు ఒక రేకు దించిరి, అంతే. 2018లో మరమ్మతు మొదలై, 2020 ఆగస్టులో మార్కెటు మరల ప్రజలకు తెఱువబడెను. ఐస్‌క్రీము అంగళ్లు నేటికిని అచట నడచుచున్నవి.

ఇట్టి కట్టడములకై 1995లో నియమ మేర్పడెను. జాబితాలో చేరిన కట్టడము రూపమును మార్చుటకు ముందుగా అనుమతి పొందవలసి యుండెను; సలహా యిచ్చుటకు వారసత్వ పరిరక్షణ సంఘ ముండెను. తరువాత ఆ నియమము తొలగింపబడి, 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. అమెరికాలో న్యూయార్కు నగరమువారు 1963లో పెన్సిల్వేనియా రైలుస్టేషనును పడగొట్టుట మొదలిడిన పిమ్మట మేల్కొని, 1965లో ఇట్టి చట్టమును చేసికొనిరి.

ఇట్టి సంఘము చేయవలసిన విచారణ యెట్టిది? యజమాని ఇప్పటి ఛాయాచిత్రములను, చేయబోవు మార్పుల పటమును దాఖలు చేయును. సభ్యులు మూడు సంగతులు చూడవలెను. తీసివేయునది మరల తేగలమా? క్రొత్తది ప్రక్కవానితో పొసగునా? యజమాని యవసరము వేఱు మార్గమున తీఱునా? బోర్డు కావలసినచో కమానును కప్పక, దాని లోపల కట్టవచ్చును. సున్నపు గచ్చు బీటలువాఱినచో మరల సున్నముతోనే పూయవలెను. ఏలయన, సిమెంటు పూసినచో గోడలోని తేమ బయటికి రాక గచ్చు పొక్కి రాలును. కావున సంఘము పని వలదనుట మాత్రమే కాదు. ఎట్లు చేయవచ్చునో చెప్పుటయు దాని ధర్మమే.

ఇదంతయు విని ఆ విద్యార్థి మరల లేచి, "అయ్యా, గోడ వీధిదియు నైనచో, సున్నపు పనికగు హెచ్చు ఖర్చును వీధి పెట్టుకొనునా?" యని యడిగెను. తరగతి నవ్వెను, మేము నవ్వలేదు. మొజంజాహీ మార్కెటు మరమ్మతునకు ప్రభుత్వ ధనమే వ్యయమయ్యెను. చిన్న వర్తకునికి అట్టి సాయము లేనిచో, నియమము అతనికి శిక్షగా తోచును. అనుమతి నెలల తరబడి నిలిచినను, ధనవంతునికొక తీరు, పేదవానికొక తీరుగా నున్నను, ఎంత మంచి నియమమునైనను జనులు మన్నింపరు. అందఱి మేలుకొఱకు ఒకనిని అడ్డగించినచో, అతని భారములో అందఱును పాలుగొనవలెనని మా యభిప్రాయము.

విద్యార్థులారా! మన బజారులోని ప్రతి యంగడియు వారసత్వ కట్టడము కాదు. అయినను గోడ లోపలివైపు యజమానునిది. వెలుపలివైపు దారిని పోవువారందఱును దినదినము చూచునది. ఈ సెలవులలో మీ వీధిలోని అయిదంగళ్ల ముఖములను వరుసగా చిత్రించి తెండు. వానిలో దేనిని నిలుపవలెను, దేనిని మార్చవలెను, అందుకగు ఖర్చు నెవరు భరింపవలెనో క్రింద వ్రాయుడు. మీ తలిదండ్రులతో తర్కించి వ్రాసినచో మఱియు మంచిది.