ఖాతాలో ఉన్న డబ్బు చేతికందేదెలా? (విదేశయాత్రకు ముందొక పాఠం)

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

ఊళ్ళో ఉన్నంతకాలం "నా డబ్బు ఎక్కడుంది?" అనే ప్రశ్న మనకు రాదు. కొంత బీరువాలో ఉంటుంది, కొంత బ్యాంకులో ఉంటుంది, కొంత ధాన్యం రూపంలో ఉంటుంది, మిగతాది ఇంకా చేలోనే ఉంటుంది. చేతిలో పైసా లేకపోయినా ముఖపరిచయం మీద కొట్టువాడు సరుకు ఇస్తాడు. విమానమెక్కి సముద్రం దాటామంటే ఈ ముఖపరిచయం చెల్లదు. అప్పుడు పుడుతుంది అసలు ప్రశ్న: డబ్బేమో గుంటూరు బ్యాంకులో ఉంది, నేనేమో ఫ్రాంక్‌ఫర్టులో ఉన్నాను. అది నా చేతికి వచ్చేదెలా?

పైచదువులకు విదేశాలకు వెళ్ళే మన మిత్రుల్లో చాలామంది వెనక ఒక పొలం ఉంటుంది. ఆ పొలం కాగితాలు బ్యాంకులో ఉంటాయి. వీసా గురించి, పరీక్షల మార్కుల గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం గాని, తీసుకువెళ్ళిన డబ్బును అక్కడ వాడుకునే దారుల గురించి మాట్లాడుకోవటం తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం.

డబ్బు కదలదు, మాట కదులుతుంది

మొట్టమొదట గ్రహించవలసిన సూత్రం ఇది. దూరదేశాలకు ప్రయాణం చేసేది డబ్బు కాదు; "ఇతనికి ఇంత ఇవ్వవచ్చు" అనే మాట. ఇది కొత్త సంగతేమీ కాదు. పూర్వం మన వర్తకులు హుండీలు వాడేవారు (గుడిలో హుండీ కాదు సుమా!). ఒక ఊళ్ళో షావుకారుకు సొమ్ము కట్టి కాగితం రాయించుకుంటే, మరో ఊళ్ళో ఆయన తాలూకు మనిషి ఆ కాగితం చూసి సొమ్ము ఇచ్చేవాడు. నాణేల మూట మోసుకుపోయే బాధ, దారిదొంగల భయం తగ్గేవి.

ఐరోపాలో 1772లో లండన్ క్రెడిట్ ఎక్స్ఛేంజి కంపెనీ 90 నగరాల్లో చెల్లే చెక్కులను ప్రయాణికుల కోసం ఇచ్చింది. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ ట్రావెలర్స్ చెక్కు ప్రవేశపెట్టింది. దానిలోని కిటుకు చాలా తేలిక. కొన్నప్పుడే ఒక సంతకం చెయ్యాలి. మార్చుకునేటప్పుడు ఎదుటివాడు చూస్తుండగా రెండో సంతకం చెయ్యాలి. రెండూ కలిస్తేనే సొమ్ము. దొంగ ఎత్తుకుపోయినా కంపెనీ వేరే చెక్కులిచ్చేది. ఒక శతాబ్దంపాటు ప్రయాణికులు వాటినే నమ్ముకున్నారు. ఇప్పుడు వాటిని తీసుకునే దుకాణం వెతికి పట్టుకోవటం కష్టం.

వాటి చోటును ఆక్రమించింది ప్లాస్టిక్ కార్డు. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకు గోడకు నగదు ఇచ్చే యంత్రం అమర్చారు. దాని రూపకర్తగా పేరుపొందిన జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగులో! రహస్య సంఖ్య ఆరంకెలు ఉండాలని ఆయన అనుకుంటే, నాలుగుకు మించి నాకు గుర్తుండవని ఆయన భార్య అన్నదట. నేటి నాలుగంకెల పిన్‌కు మూలం అదేనని చెప్పుకుంటారు. మన దేశంలో తొలి ఏ.టి.ఎం. 1987లో బొంబాయిలో వెలిసింది.

ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్టు యంత్రంలో మన కార్డు పెట్టామనుకోండి. ఆ యంత్రం తన బ్యాంకుకు చెబుతుంది. ఆ బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డు వంటి వ్యవస్థ ద్వారా మన బ్యాంకు కంప్యూటరును అడుగుతుంది. అడిగే ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు: కార్డు చెల్లుతుందా? పిన్ సరేనా? ఖాతాలో సొమ్ముందా? ఈ కార్డును విదేశంలో వాడే అనుమతి ఉందా? నాలుగింటికీ ఔనని జవాబు వస్తేనే యంత్రం నోట్లు బయటకు తోస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. ఆ పైన బ్యాంకులు తమలో తాము లెక్కలు తేల్చుకుంటాయి.

నాలుగో ప్రశ్న దగ్గరే చిక్కు

మొదటి మూడు ప్రశ్నల సంగతి అందరికీ తెలుసు. నాలుగోది తెలియక ఇబ్బందిపడే వారున్నారు. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోని ఏ.టి.ఎం.లలో, దుకాణాల యంత్రాలలో మాత్రమే పనిచేసేలా ఉండాలి. విదేశాల్లో వాడుకోవాలన్నా, ఇంటర్నెట్‌లో కొనుగోళ్ళు చెయ్యాలన్నా ఖాతాదారే ఆ సౌకర్యాన్ని అడిగి తెరుచుకోవాలి. మోసాలు అరికట్టడానికి ఇది మంచి నియమమే. కాని తెలియనివాడికి ఇదే తాళం అవుతుంది.

మా పెద్దనాన్నగారి అబ్బాయి ఎం.ఎస్. చదువుకు వెళ్ళినప్పుడు ఇదే జరిగింది. రెండెకరాలు తాకట్టుపెట్టి ఖాతాలో మూడు లక్షలు వేశారు. దిగిన రోజున గది అడ్వాన్సు కట్టబోతే కార్డు పనిచెయ్యలేదు. ఫోనులో అనుమతి తెరవబోతే బ్యాంకువారు పంపే ఓ.టి.పి. ఇక్కడి నంబరుకు వస్తుంది. ఆ సిమ్ముకు రోమింగ్ లేదు. బ్యాంకుకు ఫోను చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి, తెల్లవారితే ఆదివారం. జేబులో ఉన్న కొద్ది డాలర్లతో రొట్టె కొనటానికి కూడా లెక్క చూసుకుంటూ నాలుగు రోజులు గడిపాడు. ఇంటి దగ్గర పెద్దనాన్నకు ఎంతకీ అర్థం కాలేదు.

"డబ్బు వేశాం గదరా, మరి ఏమైనట్టు?"

"ఉంది నాన్నా. అందటం లేదు."

ఉండటం వేరు, అందటం వేరు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వివరణే.

బల్బుల పాఠం

ఇంటర్మీడియట్‌లో మనమంతా చదువుకున్నాం. బల్బులను శ్రేణి సంధానంలో కలిపితే ఒకటి మాడిపోగానే అన్నీ ఆరిపోతాయి. సమాంతర సంధానంలో కలిపితే ఒకటి పోయినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి. ఒక్క కార్డు, ఒక్క ఫోను, ఒక్క సిమ్ము నమ్ముకుని బయలుదేరినవాడిది శ్రేణి సంధానం. డబ్బుకు సమాంతర మార్గాలు ఏర్పాటు చేసుకోవటమే తెలివైన పని. అవి ఇలా ఉండవచ్చు:

ఒకటి: కొంత నగదు. చాలా దేశాలకు వెళ్ళేటప్పుడు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువదాకా విదేశీ నోట్లు తీసుకువెళ్ళవచ్చు. అంతా ఒకే జేబులో పెట్టుకోవద్దు. చిన్న నోట్లు కొన్ని తప్పక ఉండాలి. దిగగానే బస్సుకు, ఫోనుకు అవే ఆదుకుంటాయి.

రెండు: ఫారెక్సు కార్డు. ముందుగానే డాలర్లో యూరోలో నింపుకునే కార్డు ఇది. నింపిన రోజు ధరే ఖాయం కాబట్టి తరువాత రూపాయి పడిపోయినా ఆ సొమ్ము విలువ తగ్గదు. ఏ దేశానికి వెళుతున్నామో ఆ దేశపు కరెన్సీయే నింపుకోవాలి. డాలర్లు నింపి యూరోల్లో ఖర్చుపెడితే మళ్ళీ మారకం రుసుము పడుతుంది.

మూడు: మామూలు బ్యాంకు కార్డు, వీలైతే వేరే బ్యాంకుది, వేరే వ్యవస్థది. బయలుదేరే ముందే విదేశ వాడకం తెరిచి, రోజుకింత అని పరిమితి పెట్టుకోవాలి. ఇది మొదటి కార్డుతో పాటు ఒకే పర్సులో ఉంటే రెండు కార్డులున్నా ఒకటి ఉన్నట్టే.

నాలుగు: ఇక్కడి సిమ్ముకు రోమింగ్. కార్డు పోతే ఫోను చెయ్యవలసిన నంబరు కాగితం మీద రాసి వేరుగా దాచుకోవాలి. నంబరు ఫోనులోనే ఉండి ఫోనే పోతే ఏం చేస్తాం?

ఇక యు.పి.ఐ. సంగతి. 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్ దేశాల్లో దీన్ని ప్రారంభించారు. అదే నెలలో పారిస్‌లోని ఈఫిల్ టవరు టిక్కెట్లకు కూడా వీలు కల్పించారు. సంతోషమే. కాని టీకొట్టు నుంచి చెప్పుల దుకాణం దాకా ఇక్కడ చెల్లినట్టు అక్కడ చెల్లదు. దాన్ని అదనపు దారిగా లెక్కవేసుకోవాలి గాని ఆధారంగా కాదు.

కాలువలో ఇంకిపోయే నీళ్ళు

పెద్దకాలువలో వదిలిన నీరంతా శివారు పొలానికి చేరదని రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. దారిలో కొంత ఇంకిపోతుంది. డబ్బూ అంతే. లెక్క సులువుగా ఉండటానికి డాలరు 90 రూపాయలనుకుందాం. మారకం మీద మన బ్యాంకు 3.5 శాతం, అక్కడి యంత్రం వాడినందుకు 3 డాలర్లు, ఒక్కొక్కసారి డబ్బు తీసినందుకు మన బ్యాంకు 150 రూపాయలు తీసుకుంటాయనుకుందాం. పన్నులు వదిలేద్దాం.

ఒకేసారి 100 డాలర్లు తీస్తే: 315, 270, 150, వెరసి 735 రూపాయలు ఖర్చు. అదే 100 డాలర్లను 20 చొప్పున ఐదుసార్లు తీస్తే: ఒక్కోసారి 63, 270, 150, అనగా 483, ఐదుసార్లకు 2,415 రూపాయలు. తేడా 1,680. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన మన నాన్నలు పండించిన 70 కిలోల ధాన్యం ఒక మీట దగ్గరే హరించుకుపోయినట్టు. కాబట్టి కొద్దికొద్దిగా చాలాసార్లు తియ్యటం కన్నా అవసరం అంచనా వేసుకుని తక్కువసార్లు తియ్యటం మేలు. బయలుదేరే ముందు మీ బ్యాంకు రుసుములు అడిగి ఈ లెక్క మీరే కట్టి చూసుకోండి.

మరో గండి ఉంది. కొన్ని యంత్రాలు ఎంతో మర్యాదగా "రూపాయల్లో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా?" అని అడుగుతాయి. రూపాయలంటే మనవే కదా అని మనసు అటే లాగుతుంది. అలా నొక్కితే మారకం ధర నిర్ణయించేది అక్కడి యంత్రంవాళ్ళు. అది సాధారణంగా మనకు నష్టంగానే ఉంటుంది. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీయే ఎంచుకోవాలి.

ఇంటి నుంచి వచ్చే దారి

చదువుకు వెళ్ళినవారు అక్కడ స్థిరపడగానే స్థానిక బ్యాంకులో ఖాతా తెరవటం ఉత్తమం. తరువాతి సొమ్ము ఇంటి నుంచి బ్యాంకు ద్వారానే రావచ్చు. ఇందుకు బ్యాంకులు ఎక్కువగా వాడేది 1973లో బెల్జియంలో స్థాపించిన స్విఫ్ట్ అనే వ్యవస్థ. అది కూడా మోసేది సందేశాలనే, సొమ్మును కాదు! 2004లో రిజర్వు బ్యాంకు ఒక పథకం పెట్టి, ఒక వ్యక్తి ఏడాదికి 25,000 డాలర్లు పంపటానికి వీలిచ్చింది. 2015 నుంచి ఆ హద్దు 2,50,000 డాలర్లు. చట్టబద్ధమైన దారి ఇంత విశాలంగా ఉండగా హవాలా మాటలు చెప్పేవారి జోలికి పోనక్కరలేదు. అది నేరం, పైగా ఆ సొమ్ము పోతే అడగటానికి రసీదు కూడా ఉండదు.

అయితే పంపేవారు ఎవరు? ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు. ఏ శాఖకు వెళ్ళాలో, పాన్ కార్డుతో పాటు ఏ ఫారం నింపాలో, మన ఖాతా వివరాలు ఎలా రాయాలో వాళ్ళకు తెలియకపోతే అన్ని దారులూ ఉన్నా డబ్బు కదలదు. అందుచేత మిత్రులారా, ప్రయాణానికి పెట్టె సర్దుకునే వారంలో ఒక పూట తీరిక చేసుకోండి. నాన్నను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి. ఒకసారి ఆయన చేతే ఆ ఫారం నింపించండి. మన చదువుకు పొలం కాగితాలు ఇచ్చిన మనిషికి, ఆ డబ్బు ఏ దారిన పోయి మన చేతికి చేరుతుందో తెలుసుకునే హక్కు కూడా ఉంది.