మన సేవాసంస్థలన్నిటికీ కలిపి ఒక కథ

రంజాన్ నెల వచ్చేసరికి భవానీపురంలో కాస్త కలిగిన ఇంటికి ఎన్ని విజ్ఞప్తులు వస్తాయో దాతలకు తెలిసిందే. ఒక సంస్థ రేషన్ కిట్ల గురించి చెబుతుంది. మరొకటి వితంతువుల సాయం గురించి, ఇంకొకటి డయాలసిస్ రోగుల గురించి, వేరొకటి పిల్లల ఫీజుల గురించి చెబుతుంది. ప్రతి కరపత్రంలోనూ నిజమే ఉంటుంది. అయినా వాటన్నిటినీ ఒకచోట పెట్టి చదివితే ఒక చిన్న ప్రశ్నకు జవాబు దొరకదు. మన డివిజన్‌లో ఈ ఏడాది పదో తరగతి పాసై, డబ్బు లేక చదువు మానేసిన పిల్లలు ఎంతమంది? వారిలో ఎవరో ఒకరి సాయం అందింది ఎంతమందికి? మిగిలిపోయింది ఎంతమంది?

ఈ ప్రశ్నకు ఊరంతా కలిసి చెప్పగలిగే జవాబునే ఈ వ్యాసంలో 'ఉమ్మడి కథ' అంటున్నాము. మన ప్రాంతంలో ఉన్న అవసరం ఏమిటి, ఎవరెవరు ఏం చేస్తున్నారు, ఇంకా ఏం మిగిలి ఉంది అన్న మూడు సంగతులు అందులో ఉండాలి.

బెజవాడ నేర్పిన పాఠం

ఇలాంటి పని మన ఊళ్లో నూరేళ్ల కిందటే జరిగింది. 20వ శతాబ్దం మొదట్లో ఆంధ్ర ప్రాంతంలో చందాలతో, విరాళాలతో నడిచే చిన్న చిన్న గ్రంథాలయాలు ఎన్నో ఉండేవి. ఎవరి ఊరు వారిది, ఎవరి దాతలు వారికి. ఒకదాని కష్టసుఖాలు మరొకదానికి తెలిసేవి కావు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో వాటి ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. దాని వెనుక ముఖ్యంగా శ్రమించినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. తర్వాత 'గ్రంథాలయ సర్వస్వం' అనే పత్రిక వచ్చింది. మారుమూల పల్లెలో పుస్తకాల గది నడిపే మనిషికి తాను ఒంటరి కాదని, ఒక ఉద్యమంలో భాగమని దాని వల్ల తెలిసింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఏ గ్రంథాలయమూ తన పేరు వదులుకోలేదు, తన కమిటీని రద్దు చేసుకోలేదు. కలిసింది మాట మాత్రమే. 'మా ఊరికి పుస్తకాలు కావాలి' అన్న అనేక విన్నపాలు 'ప్రతి ఊరికీ గ్రంథాలయం కావాలి' అన్న ఒకే మాటగా మారాయి. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి సభ జరిగింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎస్.ఆర్. రంగనాథన్ వంటివారి కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఈనాడు మనం ఇంటి పన్నుతో పాటు కట్టే గ్రంథాలయ సెస్సు ఆ చట్టం నుంచి వచ్చినదే. విడివిడిగా చేసిన విన్నపాలకు విరాళాలు వచ్చి ఉండవచ్చు. ఉమ్మడిగా చెప్పిన మాట చట్టం దాకా వెళ్లింది.

వరద పెట్టిన పరీక్ష

2024 ఆగస్టు చివర కురిసిన కుండపోత వానకు బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ నుంచి మన పక్కనున్న ఊర్మిళానగర్, కబేళా ప్రాంతాల దాకా ఇళ్లు నీట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. బ్యారేజీ చరిత్రలో అంత ప్రవాహం అంతకుముందు లేదు. ఆ రోజుల్లో మసీదులు, చర్చిలు, ఆలయాలు, స్వచ్ఛంద సంస్థలు, పేరు లేని యువకుల బృందాలు అన్నం వండి, పడవల్లో, ట్రాక్టర్ల మీద తీసుకెళ్లాయి. అది మనమందరం గర్వపడవలసిన సంగతి.

కానీ రోడ్డుకు దగ్గరున్నవారికి పొట్లాలు అందాయని, లోపలి సందుల్లో ఉన్నవారికి ఆలస్యంగా చేరాయని అప్పట్లో పత్రికల్లోనూ వచ్చింది. దానికి కారణం మనసు లేకపోవడం కాదు. ఏ సందులోకి ఎవరు వెళ్లారో చూపే ఉమ్మడి లెక్క లేకపోవడం. ఇంకో లోటు నీరు తీశాక బయటపడుతుంది. బురద పట్టిన ఆటో ఇంజను, పాడైన కుట్టు మిషను, తడిసిన సర్టిఫికెట్లు, తిరిగి కొనవలసిన పుస్తకాలు - వీటికి పొట్లం పనికిరాదు, నెలల తరబడి తోడు కావాలి. మన కథలు ఎక్కువగా పొట్లం ఫొటో దగ్గరే ఆగిపోతాయి. కథ ఆగినచోటే విరాళమూ ఆగుతుంది.

భయాలు, వాటికి జవాబులు

సంస్థలు లెక్కలు కలపడానికి జంకుతాయి. అందుకు కారణాలూ ఉన్నాయి.

ఒకటి, మన దాతలు వేరే సంస్థకు వెళ్లిపోతారేమో అన్న భయం. నిజానికి ఎవరి పని ఏమిటో స్పష్టంగా కనబడితే దాతకు నమ్మకం పెరుగుతుంది. ఫీజులు చూసే సంస్థ, వైద్యం చూసే సంస్థ ఒకదానికొకటి పోటీ కావని తెలుస్తుంది.

రెండు, జకాత్ సొమ్ము సంగతి. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా నిర్దేశించి ఉంది. ఆ సొమ్మును ఇతర ఖాతాల్లో కలపకూడదన్న జాగ్రత్త సరైనదే. అయితే ఇక్కడ కలిపేది డబ్బు కాదు, సమాచారం మాత్రమే. ఎవరి బైతుల్‌మాల్ వారి దగ్గరే ఉంటుంది. సర్వేకు, లెక్కలకు అయ్యే ఖర్చును సాధారణ విరాళాల నుంచి పెట్టుకోవచ్చు.

మూడు, తీసుకునేవారి పరువు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలు చెప్పిన మాట మనకు ఆదర్శం. అందుకే ఉమ్మడి లెక్కలో పేర్లు, ఫొటోలు ఉండకూడదు. 'ఫలానా డివిజన్‌లో ఇన్ని కుటుంబాలు' అంటే చాలు. ఒక కుటుంబం గడప దాటి నాలుగు ఆఫీసుల్లో తన కష్టాన్ని నాలుగుసార్లు చెప్పుకోవలసిన పని లేకుండా చేయడం కూడా పరువు కాపాడటమే.

అందరికీ ఒకే పేజీ

మొదలుపెట్టడానికి పెద్ద కార్యాలయం అక్కరలేదు. భవానీపురం, విద్యాధరపురం ప్రాంతాల్లో పనిచేసే సంస్థలు, ఏ మతానికి చెందినవైనా, ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే చాలు. మూడు సంగతుల్లో ఒప్పందం కుదరాలి. లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండాలి. కిట్లను కాకుండా కుటుంబాలను లెక్కించాలి. ప్రాంతాన్ని కార్పొరేషన్ డివిజన్ల వారీగా చెప్పాలి. ఇవి ఒకేలా ఉంటేనే ఒకరి అంకెను మరొకరి అంకెతో కూడగలం.

ఆ లెక్కను ఒక పేజీగా తయారు చేసి ప్రతి సంస్థా తన వార్షిక సంచికలో వేయాలి. మూడు గడులు: అవసరం ఎంత, అందరం కలిసి చేసింది ఎంత, మిగిలింది ఎంత. మూడో గడి చూపడానికి సిగ్గుపడనక్కరలేదు. వచ్చే ఏడాది విరాళం ఎటు వెళ్లాలో దాతకు చెప్పేది ఆ గడే. రేపు ప్రభుత్వం దగ్గరికో, పెద్ద కంపెనీల సేవానిధుల దగ్గరికో వెళ్లినా, ఒక సంస్థ విన్నపం కన్నా ఊరంతా ఒప్పుకున్న లెక్కకే బరువు ఎక్కువ.

దీన్ని త్వరగా నడిపించగలవారు దాతలే. ఈసారి ఏ సంస్థకు ఇచ్చినా, మాకైనా సరే, రసీదు తీసుకుంటూ మూడు మాటలు అడగండి. ఇదే పని ఈ ప్రాంతంలో ఇంకెవరు చేస్తున్నారు? వారితో మీరు ఎప్పుడు మాట్లాడారు? మీ ఇద్దరి సాయమూ అందనివారు ఎవరు? మొదటి ఏడాది సరైన జవాబులు రాకపోవచ్చు. అడిగేవారు పదిమంది అయితే రెండో ఏడాదికి వస్తాయి, ఇన్షా అల్లాహ్.