తల్లిదండ్రుల సేవ - దాసోహభావము

బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా బోధించెను. "నేను చేయుచున్నాను" అను అహంకారమును విడిచి చేయు సేవయే దాసోహము. తల్లికో తండ్రికో కాన్సరు ముదిరినపుడు బిడ్డల దాసోహభావమునకు పరీక్ష యెదురగును.

వాడుకలోని చికిత్సలు పని చేయనపుడు వైద్యులు క్రొత్త మందు పరీక్షలో చేరుటను గూర్చి చెప్పవచ్చును. మొదటి దశ పరీక్ష ముఖ్యముగా మందు ఏ మోతాదులో సురక్షితమో తెలిసికొనుటకే. రోగము నయమగునను హామీ అందు లేదు. 2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము నైతిక సంఘము అనుమతియు, రోగి వ్రాతపూర్వక సమ్మతియు ఉండవలెను. చదువురాని వారికి సాక్షి యెదుట విషయమంతయు వివరింపవలెను. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యము, నష్టపరిహారము గలవు. రోగి ఎప్పుడైనను తప్పుకొనవచ్చును.

కావున రోగము పేరు దాచి వ్రేలిముద్ర వేయించుట దయ కాదు. బిడ్డలు అడుగవలసిన ప్రశ్నలు వేరు. మల్దకల్ నుండి గద్వాల మీదుగా హైదరాబాదుకు ఎన్నిమార్లు పోవలెను? దారి ఖర్చు ఎవరిది? ఇంటివారి నడుమ గడపదగిన దినములు ఎన్ని తగ్గును? నొప్పి తగ్గించు వైద్యము కూడ సాగునా? హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రిలో అట్టి ఉపశమన వైద్యము గలదు. పరీక్షలో చేరని రోగికిని అది అవసరమే.

జవాబులు తెచ్చి వినిపించుట బిడ్డల కాయకము, నిర్ణయము రోగిది. వద్దనిన తండ్రిని పిరికివాడనరాదు. సరేయనిన తల్లిని భయపెట్టి ఆపరాదు. ఏది నిశ్చయించినను ప్రక్కనే కూర్చుండుట దాసోహము.