పసిబిడ్డ మొండితనమునకు కారణమేమి?

రెండేండ్ల బిడ్డను మరుగుదొడ్డిలో కూర్చుండబెట్టగానే కెవ్వున ఏడ్చి లేచిపోవును. వెలుపలికి వచ్చిన మరుక్షణమే లాగు పాడుచేసికొనును. "ఎంత మొండివాడు!" అని తల్లి వీపున ఒకటి తగిలించును. దీనిని మొండితనమని నిర్ణయించుటకు ముందు తలిదండ్రులు నాలుగు విషయములు గమనింపవలసి యున్నది.

మొదటిది వయస్సు. మలమూత్రములను ఆపుకొను శక్తియు, ముందుగా గుర్తించి చెప్పు నేర్పును సాధారణముగా ఒకటిన్నర మొదలు మూడేండ్ల లోపల క్రమముగా వచ్చును. అమెరికా శిశువైద్యుడు బ్రేజెల్టన్ 1,170 మంది బిడ్డలను గూర్చిన తన పరిశీలనను 1962లో ప్రకటించెను. బలవంతము లేక, బిడ్డ సంసిద్ధతను బట్టి నేర్పగా, పగటి అలవాటు సగటున 28.5 నెలల వయస్సున పూర్తియయ్యెను. రాత్రి పక్క తడుపుట ఇంకను ఆలస్యముగా మానును.

రెండవది భయము. మన ఇండ్లలో తల్లి కాళ్లు చాచి, పాదములపై బిడ్డను కూర్చుండబెట్టు ఆచారము కలదు. అచ్చట తల్లియే ఆధారము. పెద్దల దొడ్డిలో క్రింద గుంట, నీటి హోరు. పసివానికి పడిపోదునేమో యని బెదురు.

మూడవది నొప్పి. ఒకనాడు మలము గట్టిపడి బాధ కలిగినచో మరునాడు బిడ్డ బిగబట్టును. బిగబట్టిన కొలది అది మఱింత గట్టిపడును, బాధ హెచ్చును. మూలన నిలిచి కాళ్లు బిగించిన బిడ్డ ముక్కుచున్నాడని తలతుము, నిజమునకు ఆపుకొనుచున్నాడు. ఒక్కొక్కప్పుడు గట్టి మలము ప్రక్కనుండి పలుచని మలము జారి బట్టలు పాడగును. అది బిడ్డకు తెలియకయే జరుగును. దండింపక వైద్యునికి చూపవలెను.

నాల్గవది మనవంటివారి ఇండ్లకు సంబంధించినది. ఇంట తెలుగు, శిశువిహారమున ఆయా మాట వేఱు. "దొడ్డికి" అని బిడ్డ చెప్పినది ఆమెకు బోధపడకపోవచ్చును. రెండుమారులు చెప్పి ఫలితము కానక, మూడవమారు బిడ్డ ఊరకుండును. ఇల్లు చేరువరకు బిగబట్టును. కనుక చేర్చిననాడే మన మాట ఆయాకు, ఆమె మాట బిడ్డకు తెలుపవలెను.

పెనుగులాట మొదలైనచో కొన్ని వారములు ఆ ప్రయత్నము మానుట మేలు. నీరు, పండ్లు, ఆకుకూరలు తగినంత ఇచ్చి, ముందు నొప్పి పోగొట్టవలెను. భోజనము కాగానే ప్రేగులలో చలనము హెచ్చును గనుక, ఆ వేళ పాదములకు ఆనిక కల్పించి అయిదు నిమిషములు కూర్చుండబెట్టవలెను. అయినచో మెచ్చుకొనవలెను, కానిచో ఏమియు అనక లేవదీయవలెను.

అన్నము మనము తినిపింపవచ్చును, బట్ట తొడుగవచ్చును. ఈ పని మాత్రము బిడ్డ తానే చేయవలెను. అందులకు వానికి ధైర్యము కావలెను గాని దెబ్బలు కావు.